చెరపడానికి వీలుంటుందా అని మా ఆవిడ అడిగింది

ఇప్పటివరకు నాకు ఎవరూ జవాబివ్వలేదు. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. రేపు ఎవరైనా ఇది చదివి, "అయ్యో, అడిగి ఉంటే చెప్పేవాళ్ళం కదా" అనకూడదు. అడిగాను. రిజిస్టర్డ్ పోస్టులో అడిగాను. ఉత్తరం చేరిందని సంతకం పెట్టి తిప్పి పంపే కార్డులు నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింటి మీదా ఎవరో ఒకరి సంతకం ఉంది. అంటే తొమ్మిదిసార్లు ఎవరో నా కవరు చేత్తో పట్టుకున్నారు. ఆ తర్వాత దాన్ని ఏం చేశారో వాళ్ళకే తెలియాలి.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మా సెక్షన్‌కి వచ్చిన ఏ కాగితమూ జవాబు లేకుండా పోలేదు. చేయలేని పని అయితే చేయలేమని రాయించేవాణ్ణి. అందుకే జవాబు రాయనివాళ్ళని నేను మర్చిపోను. వీధిదీపం గురించి నేనిచ్చిన కాగితాన్ని మా కాలనీ సంఘం కార్యదర్శి నా ఎదురుగానే మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. ఏడేళ్ళయింది. ఆ కాగితం మీద గ్లాసు అడుగు గుండ్రంగా మరక పడటం కూడా నాకు గుర్తుంది. నన్ను వెనకాల "అర్జీల సారు" అంటారని తెలుసు. అననివ్వండి.

కానీ ఇది వీధిదీపం సంగతి కాదు. మా ఆవిడకి పార్కిన్సన్స్ జబ్బు. మెదడులోకి జన్యువు ఎక్కించి ఈ జబ్బు నయం చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయని తెలిసినప్పుడు ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. దానికి జవాబు దొరికితే, ఆ వైద్యం మనుషులదాకా వచ్చిన రోజున తన పేరు ఇవ్వాలో వద్దో తేల్చుకుంటానంది. ఆ మాట తన నోటితో తనే చెప్పాలని, నా చేత చెప్పించకూడదని ఆవిడ పట్టు. ఆవిడ గొంతు నెలనెలకీ సన్నబడుతోంది. నా తొందర అందుకు.

మాది గుంటూరు జిల్లా. ఉద్యోగం కోసం వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డాం. మా వీధిలోనే, మందుల షాపు పైన ఉన్న పొడుగాటి గదిలో, మా ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. పది మిషన్లు. పొద్దున ఆరింటికే మొదలయ్యేది. లోయరు, హయ్యరు పరీక్షలకి కట్టేవాళ్ళు నిజాంపేట ద్రాక్షతోటల అవతలి నుంచి కూడా సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు. మెట్ల కింద నిలబడితే రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టు ఉండేది. ఆవిడ అటు తిరిగి హాజరు పట్టీ రాసుకుంటూనే, ఆ చప్పుడులో ఎవరు ఏ వేలు తప్పు వాడుతున్నారో పట్టేసేది. "మూడో మిషనూ! చూపుడు వేలు కాదు, చిటికెన వేలు!" అని కేకేస్తే కింద మందుల షాపులో వాళ్ళకి కూడా వినిపించేది. గొంతు గురించి చెప్పాను కనక ఆ గొంతు ఒకప్పుడు ఎలా ఉండేదో కూడా చెప్పాలి.

అప్పట్లోనే మాదాపూర్ వైపు బండలు పేల్చడం మొదలైంది. గాలి అటునుంచి వీస్తే మధ్యాహ్నం పూట మాకూ వినిపించేది. కంప్యూటర్ల కోసం పెద్ద బిల్డింగు కడుతున్నారన్నారు. ఇక టైపు నేర్చుకునేవాళ్ళుండరు, మిషన్లు అమ్మేసుకోమని నలుగురూ సలహా ఇచ్చారు. "కంప్యూటరునైనా కొట్టాల్సింది ఈ వేళ్ళతోనేగా" అని ఆవిడ నవ్వేసేది.

అలా అన్న సంవత్సరంలోనే ఆవిడ కొట్టిన కాగితాల్లో ఇంగ్లీషు 'ఏ' అక్షరం పలచగా పడసాగింది. టైపు తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ అక్షరం ఎడమచేతి చిటికెన వేలిది. వేలు ఎంత గట్టిగా కొడితే అక్షరం అంత నల్లగా పడుతుంది. మిగతా లైనంతా నల్లగా ఉండి, ఆ ఒక్క అక్షరం ఉన్నచోటల్లా ఎవరో తడి వేలితో తుడిచినట్టు కనిపించేది. ఆవిడ రిబ్బను మార్చింది. మిషను మార్చి కూచుంది. అక్కడా అంతే. చివరికి మెకానిక్‌కి కబురు పెట్టాం.

అతను ఇరవై ఏళ్ళుగా మా మిషన్లు చూస్తున్న మనిషి. స్కూటరు మీద కోఠీ నుంచి వచ్చేవాడు. మూత తీశాడు, బ్రష్షుతో తుడిచాడు, తనే కూచుని ఆ ఒక్క అక్షరాన్నే ఒక లైను పొడుగునా కొట్టాడు. కాటుక పెట్టినట్టు పడింది.

"మిషన్ల ఏం లేదమ్మా. మంచిగనే ఉంది, చూడుండ్రి."

"మరి నేను కొడితే ఎందుకు పడట్లేదు?"

"మీరు జర కొట్టుండ్రి. నేను చూస్త."

ఆవిడ కొట్టింది. అతను కాగితం వైపు చూడలేదు, ఆవిడ వేలివైపు చూశాడు. మళ్ళీ కొట్టమన్నాడు. తర్వాత మూత బిగించి, బ్రష్షు జేబులో పెట్టుకుని, నెమ్మదిగా అన్నాడు. "మిషన్లకు నేను ఏమన్న చేస్త గానీ అమ్మా... పరేషాన్ కాకుండ్రి. ఒక్కసారి దవాఖానకు పోయి చెయ్యి చూపించుకోండ్రి."

నాకు కోపమొచ్చింది. "మిషను చూడమని పిలిస్తే మనిషిని చూస్తావేంటయ్యా? నీ పని నువ్వు చూసుకో" అన్నాను. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇప్పుడు లెక్క వేసుకుంటే, ఈ మొత్తం వ్యవహారంలో మాకు ఉన్నమాట ఉన్నట్టు మొహాన చెప్పినవాడు అతనొక్కడే. అతనికి నేను క్షమాపణ చెప్పలేదు. అదీ ఇక్కడే రాస్తున్నాను.

నరాల డాక్టరు ఆవిడ చేత బొటనవేలు, చూపుడు వేలు టకటకా కలిపించాడు. వరండాలో నడిపించాడు. ఒక కాగితమిచ్చి నాలుగు లైన్లు రాయమన్నాడు. మొదటి లైను మామూలుగా ఉంది, నాలుగో లైనుకి అక్షరాలు ఆవగింజలంత అయ్యాయి. ఆ కాగితం చూసి తలూపి, నా వైపు తిరిగాడు.

"చూడండి సార్. మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారుచేసే కణాలుంటాయి. అవి ఒక్కొక్కటే పోతున్నాయి. ఆ రసాయనం తగ్గితే కదలికలు తగ్గుతాయి. ఈ మాత్రలతో కొంతకాలం లోటు పూడుస్తాం."

"పోయిన కణాలు మళ్ళీ రావా?"

"రావు సార్."

మా ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది. "డాక్టరుగారూ, జబ్బు నాదండి. నాకు చెప్పండి."

"మీకే చెప్తున్నా కదమ్మా" అని నవ్వి, మాత్ర ఎన్నిసార్లు వేయాలో మళ్ళీ నాకే చెప్పాడు. ఇంటికొచ్చాక ఆవిడ అన్నం కలుపుతూ, "నేనక్కడ ఉన్నానా, లేనా?" అని అడిగింది. నేను అప్పుడే ఆ డాక్టరు పేరు నా మనసులో రాసి పెట్టుకున్నాను.

మాత్రలు మొదట బాగానే పనిచేశాయి. అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. పప్పన్నం తిన్న వెంటనే వేసుకుంటే పనిచేయవు. మాత్ర వేళ దాటితే కాళ్ళు మొరాయిస్తాయి. గుమ్మం దగ్గరో, తలుపు సందులోనో, రెండు పాదాలూ నేలకి అంటుకుపోయేవి. మనిషి ముందుకి వంగుతుంది, కాళ్ళు రావు. ఒకసారి అలా నిలబడిపోయినప్పుడు నా చేతిలో గొడుగు జారి ఆవిడ కాళ్ళ ముందు అడ్డంగా పడింది. ఆవిడ దాన్ని ఇట్టే దాటేసింది! ఇద్దరం నిర్ఘాంతపోయాం. ఖాళీ నేల మీద కదలని కాళ్ళు, అడ్డంగా ఏదైనా ఉంటే దాటుతాయి. అలా ఎందుకవుతుందో డాక్టరు తర్వాత చెప్పాడు గానీ, అది కనిపెట్టింది మా గొడుగు. ఇక ఎండలోనూ వానలోనూ అది నా చేతిలోనే ఉండేది. బజారులో ఆవిడ ముందు గొడుగు పడుకోబెట్టి, ఆవిడ దాటగానే తీసి మళ్ళీ ముందు పెట్టేవాణ్ణి. చూసి నవ్వినవాళ్ళున్నారు. ఎవరెవరో గుర్తుంది.

ఆ రోజుల్లోనే ఇంగ్లీషు పేపర్లో ఒక వ్యాసం వచ్చింది. వైరస్‌లో రోగం తెచ్చే భాగాన్ని తీసేసి, ఆ ఖాళీలో ఒక జన్యువుని పెట్టి, పుర్రెకి చిన్న రంధ్రం చేసి మెదడులో సరైన చోట వదులుతారట. వైరస్‌కి కణాల్లోకి దూరడం బాగా తెలుసు కనక, జన్యువుని లోపల దించి వస్తుందట. తర్వాత ఆ కణాలే కావలసిన రసాయనాన్ని తయారుచేసుకుంటాయట. ఎలుకల్లో, కోతుల్లో ప్రయోగాలు సాగుతున్నాయని రాశారు.

ఆవిడ ఆ వ్యాసం మూడుసార్లు చదివింది. సాయంత్రం పక్క మిషను మీద ఎవరో వదిలేసిన కాగితం తీసి చూస్తూ అంది. "ఏమండీ, టైపులో తప్పు పడిందనుకోండి, రబ్బరుతో చెరిపి మళ్ళీ కొట్టచ్చు. కాగితం నలుగుతుంది, కానీ చెరపచ్చు. తలలో కొట్టింది తప్పని తేలితే చెరపడానికి వీలుంటుందా?"

ఇదీ ప్రశ్న. ఇంతే.

నేను వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ వైద్యానికి ఆవిడ పేరు నమోదు చేయించాలన్నాను. "అలాగే సార్. ఒక అప్లికేషన్ రాసివ్వండి. పైకి పంపిద్దాం, చూద్దాం" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు కాగితాల మధ్య బతికినవాణ్ణి. సక్రమమైన మార్గంలో, అంటే కింది అధికారి ద్వారా పై అధికారికి వెళ్ళిన కాగితమే నిలబడుతుందని నమ్మినవాణ్ణి. ఇక్కడ కింది అధికారి ఈ డాక్టరు అనుకున్నాను. దరఖాస్తు తయారుచేశాను. ఆవిడ కొట్టింది. ఎడమ చిటికెన వేలు మాట వినకపోతే ఉంగరం వేలితో ఆ అక్షరం కొట్టింది. ఇన్నేళ్ళు పిల్లల్ని కేకలేసిన తప్పు అది. మధ్యలో ఆగి, "ఇప్పుడు మూడో మిషను నన్ను చూసి నవ్వుతుంది" అంది.

చదివి చూస్తే చివర నేను రాయని పేరా ఒకటి ఉంది.

"ఇదేంటి?"

"నా ప్రశ్న."

"దరఖాస్తులో ప్రశ్నలుండవు. విన్నపం ఉంటుంది. ఇలా అడిగితే మనకి నమ్మకం లేదనుకుంటారు."

"లేదుగా మరి."

"ముందు పేరు చేరనీ. ప్రశ్నలు తర్వాత."

"మీ ఆఫీసులో తర్వాత అంటే ఎప్పుడో నాకు తెలుసులెండి" అని, ఆ పేరా లేకుండా మొత్తం పేజీ మళ్ళీ కొట్టింది. ఒకప్పుడు అయిదు నిమిషాల పని. ఆ రోజు మధ్యాహ్నం మొత్తం పట్టింది.

ఆ కాగితం డాక్టరు చేతికిచ్చాను. ఒక నెల తర్వాత అడిగితే "చూద్దాం సార్" అన్నాడు. రెండో నెలా చూద్దామన్నాడు. జ్ఞాపకం చేస్తూ ఉత్తరాలు, అంటే ఆఫీసు భాషలో జ్ఞాపికలు, మూడు రాశాను. అయిదో నెలలో మా ఆవిడ దగ్గర చదువుకున్న ఒకావిడ ఇంటికొచ్చింది. మాదాపూర్‌లో బండలు పేల్చి కట్టిన ఆ కొత్త గుండ్రటి బిల్డింగులో ఒక కంపెనీలో రిసెప్షన్‌లో పనిచేస్తోంది. లింగంపల్లిలో కాపురం.

"మేడం, వచ్చే శనివారం మా బిల్డింగుల మీటింగుంది. బయటి దేశం నుంచి సైంటిస్టు వస్తుండు. మన తెలుగాయనే. మెదడు బీమారీలకు జీన్లు ఎక్కిచ్చుడు గురించి చెప్తడంట. కంప్యూటర్లోళ్ళకు, డాక్టర్లకు పెట్టిండ్రు గానీ, మీకు నేను పాసులు తెస్త. మీరు రావాలె."

"నా నడక చూశావుగా, ఏం వస్తానే?"

"ఏంది మేడం గిట్లంటరు? నా చిటికెన వేలు మీద స్కేలుతోని కొట్టి నేర్పిండ్రు. ఇప్పుడు నేను తోల్కపోత."

శనివారం వాన పడుతోంది. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి నా చేతిలోని గొడుగు పట్టుకుని ఆపాడు. "ఛత్రీ ఈడనే పెట్టుండ్రి సార్. లోపల నీళ్ళు కారితే జారుతరు."

"ఈవిడ నడకకి అది కావాలయ్యా."

"నడకకు ఛత్రీ ఏంది సార్?" అన్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గొడుగు తీసుకుని చేతిలో టోకెన్ పెట్టాడు. లోపల నేలంతా నల్లటి గ్రానైటు. ఎక్కడా గీత లేదు, అంచు లేదు, మన మొహాలు మనకే కనిపిస్తున్నాయి. మా ఆవిడ గ్లాసు తలుపు దగ్గరే ఆగిపోయింది. మమ్మల్ని తీసుకొచ్చిన రిసెప్షన్ అమ్మాయి తన చెప్పు కాలు అడ్డంగా పెట్టి, "నా కాలు దాటుండ్రి మేడం... మళ్ళ దాటుండ్రి" అంటూ హాలుదాకా అలాగే తీసుకెళ్ళింది.

సైంటిస్టు తెర మీద ఒక ఎలుకని చూపించాడు. గుండ్రటి పాత్రలో ఉంది. దాని మెదడులో ఒక పక్క కణాలు చంపేశారట. అది ఒక వైపుకే గిరగిరా తిరుగుతోంది, ఆగడం లేదు. తర్వాత జన్యువు ఎక్కించిన ఎలుకని చూపించాడు. అది తిరగడం తగ్గి, ఆగి, గోడ వాసన చూసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ నా చెవిదగ్గరికి వంగింది.

"పాపం, దాన్నెవరూ అడగలేదుగా. నన్నయితే అడుగుతారు. అందుకని నేను ముందే అడగాలి."

ప్రశ్నల సమయం వచ్చింది. ఆవిడ నా చొక్కా చెయ్యి లాగింది. "నా గొంతు చాలదు. మీరు గట్టిగా అడగండి. చెరపడానికి వీలుంటుందా, అంతే."

మైకు నా చేతికి వచ్చింది. లేచి నిలబడ్డాను. ఆ ఒక్క వాక్యమే అడుగుదామని లేచాను. కానీ ఎదురుగా మొదటి వరసలో మా డాక్టరు కూచుని ఉన్నాడు. అయిదు నెలల "చూద్దాం" ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. "అయ్యా, నేను ఫలానా శాఖలో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాను. నా భార్య విషయమై సక్రమమైన మార్గంలో ఒక దరఖాస్తు సమర్పించుకున్నాను. దాని తర్వాత మూడు జ్ఞాపికలు..."

"సార్, ప్రశ్న ప్లీజ్" అన్నాడు నిర్వాహకుడు.

"అక్కడికే వస్తున్నాను. మొదటి జ్ఞాపిక..." ఫైలు విప్పాను. తేదీలు చదవడం మొదలుపెట్టాను. వెనక ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు. నిర్వాహకుడు వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. సైంటిస్టు మర్యాదగానే, "మీరు నాకు రాయండి, తప్పకుండా చూస్తాను" అన్నాడు.

"రాయడమే కదండీ నేను చేస్తున్నది!" అన్నాను. మైకు లేదు. ఎవరికీ వినపడలేదు. కూచున్నాను. మా ఆవిడ నా వైపు చూడలేదు.

టీ బయట లాబీలో పెట్టారు. సైంటిస్టు కప్పు పట్టుకుని లిఫ్టు పక్కన నిలబడ్డాడు. మాకూ ఆయనకీ మధ్య పది గజాల గ్రానైటు. రిసెప్షన్ అమ్మాయిని ఎవరో పని మీద పిలుచుకుపోయారు.

"ఇప్పుడు వెళ్ళి అడగండి" అంది మా ఆవిడ.

"మైకు లాక్కున్నవాళ్ళ దగ్గరికి నేను వెళ్ళి నిలబడాలా? అయినా టీ తాగుతూ నోటితో చెప్పింది దేనికి పనికొస్తుంది? కాగితం మీద ఉండాలి."

ఆవిడ నా చెయ్యి వదిలి తనే బయల్దేరింది. నాలుగడుగులు వేసింది. ఆ నల్లటి నేల మధ్యలో ఆగిపోయింది. చేతులు ముందుకి ఉన్నాయి, మనిషి వంగి ఉంది, కాళ్ళు రావడం లేదు. చుట్టూ కప్పులు పట్టుకున్నవాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. దారి ఎందుకు ఆవిడకి? అడ్డం కావాలి. గొడుగు గేటు దగ్గర ఉంది. నా జేబులో టోకెన్ ఉంది. ఏం చేయాలో తోచక చేతిలో ఉన్న ఫైలు ఆవిడ కాళ్ళ ముందు అడ్డంగా పడేశాను. ఆవిడ దాన్ని చూసింది. దాటింది. మళ్ళీ తీసి ముందు పెట్టాను. దాటింది. మూడోసారి పెడుతుంటే లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడైంది. తలెత్తి చూస్తే ఆయన లేడు.

ఆటో కొండాపూర్ గుంతలు దాటింది. తర్వాత ఆవిడ అంది. "డాక్టరు నాతో మాట్లాడలేదని ఆయన్ని తిట్టారు. మీరు మాత్రం నా మాట చెప్పారా?"

ముప్ఫై ఏళ్ళలో నాకు ఎవరెవరు ఏమన్నారో వరసగా చెప్పగలను. ఆ వరసలో ఇప్పుడు ఆవిడ మాట కూడా ఉంది.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. దరఖాస్తు ఏ తేదీన పైకి వెళ్ళిందో నంబరు ఇవ్వమన్నాను. ఆయన సొరుగు లాగి మా కాగితం తీశాడు. మడతలు కూడా నలగలేదు.

"ఎవరికి పంపమంటారు సార్? మనుషులకి ఇంకా రాలేదు. ఇంకా ఎలుకలు, కోతులే. నమోదు చేయడానికి లిస్టు అంటూ ఎక్కడా లేదు."

"ఆ మాట మొదటిరోజే చెప్పచ్చు కదా?"

"మీరు అంత ఆశగా వచ్చారు. మొహం మీద లేదని ఎలా అంటాను? చూద్దామన్నాను."

ఆయన చెడ్డవాడు కాదు. మనలో చాలామంది అంతే. కాదనడం మొరటుతనమని చూద్దామంటారు. ఆ మాట పట్టుకుని మేం అయిదు నెలలు పోస్టుమాన్ కోసం చూశాం. ఆ అయిదు నెలల్లో ఆవిడకి కుడిచెయ్యి కూడా వణకడం మొదలైంది.

ఆ తర్వాతే ఈ తొమ్మిది ఉత్తరాలు. ఆ సైంటిస్టుని పిలిపించిన సంస్థకి రాశాను. ఆయన పనిచేసే చోటికి రాశాను. రాయమన్నది ఆయనే కదా. ప్రతి ఉత్తరంలోనూ ఆవిడ ప్రశ్న మొదటి వాక్యంగా పెట్టాను. నా ఉద్యోగం గురించి, నా జ్ఞాపికల గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు అది ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్ళకి తెలుసు. కార్డులు వచ్చాయి. జవాబు రాలేదు.

ఇన్‌స్టిట్యూట్ మూసేశాం. ఆ గదిలో ఇప్పుడు కంప్యూటర్ కోర్సులు చెబుతున్నారు. ఒక మిషను ఇంటికి తెచ్చుకున్నాం. పోయిన నెల ఆఖరి ఉత్తరం మా ఆవిడ తనే కొట్టింది. నేను కొడతానంటే ఒప్పుకోలేదు. ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని. ఇప్పుడు పలచగా పడేది ఒక్క 'ఏ' కాదు, అన్నీ. దీపం దగ్గర పెట్టి చూస్తే గానీ కనపడవు. నేను మళ్ళీ కొట్టించలేదు, దిద్దలేదు, ఒక్క మాట కలపలేదు. అలాగే కవర్లో పెట్టి పంపాను. అది అందుకున్నవాళ్ళు ఖాళీ కాగితమనుకుని పారేశారేమోనని నాకు భయం. ఖాళీ కాదది. వెలుతురుకి ఎత్తి చూడండి.

ఆవిడ ఆ వైద్యం వద్దనడం లేదు, కావాలనీ అనడం లేదు. చెరపడానికి వీలుంటే సాహసిస్తానంటోంది. వీలుండదంటే ఆలోచించుకుంటానంటోంది. ఈ మాట ఇప్పుడు నేను చెవి ఆవిడ నోటి దగ్గర పెడితే వినిపిస్తోంది. ఎన్నాళ్ళు వినిపిస్తుందో తెలియదు.

అందుకని అడుగుతున్నాను. ఎలుకలకి చేసినవాళ్ళూ, కోతులకి చేసినవాళ్ళూ, చప్పట్లు కొట్టినవాళ్ళూ, మీలో ఎవరైనా సరే. తలలో ఒకసారి ఎక్కించాక, తప్పని తేలితే, చెరపడానికి వీలుంటుందా? వీలుంటుందని రాయండి. వీలుండదని రాయండి. మాకే ఇంకా తెలియదని రాయండి, అదీ జవాబే, ఆవిడకి పనికొస్తుంది. చూద్దామని మాత్రం రాయకండి. కవరు మీద నా పేరు వద్దు. ఆవిడ పేరు, ఆవిడ అడ్రసు ఆ తొమ్మిది ఉత్తరాల్లోనూ ఉన్నాయి. ఆవిడకే రాయండి.